చెర విడిచి వచ్చినవారు – కాయకధర్మము

శరణుల చరిత్రలలో ఉరిలింగపెద్ది చరిత్రము మఠములందు తరచు చెప్పబడునదే. పండ్రెండవ శతాబ్దపు శరణులలో నొకడైన ఈ మహనీయుడు తొలినాళ్లలో దొంగ. పుట్టుకచే అంటరానిదిగా ఎంచబడిన కులమువాడు. ఒకనాటి రాత్రి సూరప్పయ్య అను ధనికుని యింట దొంగతనమునకు పోయి, లోపల ఉరిలింగదేవుడు ఆ గృహస్థునకు లింగదీక్ష యొసగుచుండగా చాటునుండి చూచెననియు, ఆ దృశ్యముతో తాను వచ్చిన పనినే మరచెననియు సంప్రదాయము చెప్పుచున్నది. నాటినుండి పెద్ది అడవికేగి కట్టెలు కొట్టి, దినమునకొక మోపు గురుమఠమునకు తెచ్చి వేయుచుండెను. కొంతకాలమునకు తనకును దీక్ష కావలెనని వేడగా గురువు విసుగుకొని ఒక రాతిని విసరెననియు, పెద్ది దానినే లింగముగా భావించి ధరించెననియు కథ. తుదకు గురువు అతని నిష్ఠను గుర్తించి శిష్యునిగా స్వీకరించుటయే గాక, తన యనంతరము మఠాధిపత్యమును సైతము అతనికే ఒప్పగించెను. ‘ఉరిలింగపెద్దిప్రియ విశ్వేశ్వర’ అను ముద్రికతో అతడు చెప్పిన వచనములును, అతని ధర్మపత్ని కాళవ్వ చెప్పిన వచనములును నేటికిని నిలిచియున్నవి.

ఈ కథను చెప్పునప్పుడు ఉపన్యాసకులు రాయి లింగమైన ఘట్టమును విస్తరించి చెప్పుదురు. కట్టెల మోపుల ఘట్టమును ఒక్క వాక్యముతో దాటిపోవుదురు. వినువారికిని రాయి కథయే రుచించును. కాని పెద్ది మనుష్యులలో మనుష్యుడుగా నిలిచినది ఆ కట్టెల దినములలోనే. దొంగ యని ఊరంతయు ఎరిగినవాడు తెచ్చిన మోపును మఠము దింపించుకొన్నది. ఆ కట్టెలతో వంట సాగినది. మరునాడు మరల మోపు వచ్చినది. దీక్ష కంటె ముందుగా అతనికి దొరికినది ఒక పని. ఆ పనిని కాదనకుండ స్వీకరించిన ఒక వాకిలి. గురువు సహితము తొలుత విసుగుకొనెనని కథ దాచకుండ చెప్పుచున్నది. మఠములకును సంకోచము ఉండునని, ఆ సంకోచము దాటవలసినదేనని అందు తాత్పర్యము.

చెరసాలనుండి విడుదలయై వచ్చినవారిని గూర్చి లింగాయత కుటుంబములు ఆలోచించునప్పుడు ఈ కథనుండియే ఆరంభింపవలసి యున్నది. దొంగను గద్దెపై కూర్చుండబెట్టిన సంప్రదాయమునకు వారసులమని చెప్పుకొనువారు, జైలునుండి వచ్చినవానిని పనిలో పెట్టుకొనుటకు జంకుట యెట్లు పొసగును?

వికారాబాదు, తాండూరు సీమలో

వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. అంతకు పూర్వము ఈ ప్రాంతము రంగారెడ్డి జిల్లాలోనిది. అనంతగిరి కొండలు, మూసీనది పుట్టిన చోటు ఒకప్రక్క. కాగ్నానది ఒడ్డున తాండూరు మరియొకప్రక్క. తాండూరు దాటినచో కర్ణాటక పొలిమేర. సేడం, చించోళి వైపునుండి వచ్చు కన్నడమును, ఇచటి తెలుగును, బజారులోని ఉరుదూయు కలిసి ఒకే అంగడిలో వినిపించును. బావిగి భద్రేశ్వరుని జాతరకు ఇరు రాష్ట్రముల భక్తులును తాండూరు చేరుదురు. నాపరాతి గనులు, బండలను కోసి నునుపుచేయు పాలిషింగు యూనిట్లు, సిమెంటు కర్మాగారములు, కందిపంట ఇచటి బ్రతుకుతెరువులు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. ఇవియన్నియు చేతులతో చేయు పనులు. చదువు లేనివానికిని, చేతి సత్తువ గలవానికిని అన్నము పెట్టగల సీమ ఇది.

అయినను, చర్లపల్లి కేంద్ర కారాగారమునుండియో సంగారెడ్డి జైలునుండియో విడుదలయై వికారాబాదు జంక్షనులో గాని తాండూరు స్టేషనులో గాని దిగిన మనిషిని ఈ సీమ అడుగు మొదటి మాట ఒక్కటే: ‘పూచీ ఎవరు?’ బండల యూనిట్లో పని కావలెనన్నచో తెలిసినవా డొకడు చెప్పవలెను. మార్కెటు యార్డులో హమాలీ కావలెనన్నచో మేస్త్రీ ఒప్పుకొనవలెను. అద్దెకు గది కావలెనన్నను ఇల్లుగలాయన అడుగునది అదే. జైలుకు పోకమునుపు పూచీ నిలిచిన అన్నదమ్ములు, బావమరుదులు ఇప్పుడు ముఖము చాటువేయుదురు. కొందరి విషయమున వారి తప్పును లేదు. వకీలు ఫీజులకని అమ్మిన ఎకరమో, కుదువబెట్టిన పుస్తెలతాడో వారి కండ్లముందు మెదలుచుండును.

అట్టివానికి అన్నము పెట్టువారు దొరకకపోరు. దాసోహము ఈ సీమలో ఎండిపోలేదు. మఠమునకు వచ్చి పంక్తిలో కూర్చున్నవానిని ‘నీవు జైలునుండి వచ్చితివి, లెమ్ము’ అనువారు అరుదు. కొరవడినది అన్నము కాదు, పూచీ. ఒక పూట అన్నము పెట్టుటకు అవతలివానిని నమ్మవలసిన పనిలేదు. పనిలో పెట్టుకొనుటకు నమ్మవలెను. దాసోహమును కాయకమును బసవేశ్వరుడు ఒకదానితో నొకటి ముడివేసినది ఊరక కాదు. కష్టించి ఆర్జించినదానినుండియే దాసోహము చేయవలెనని శరణుల మతము. కావున చేయిచాచి తినువానిగా ఒకనిని ఎల్లకాలము ఉంచుట, అతనిని దాసోహము చేయు భాగ్యమునకు దూరము చేయుటయే యగును.

‘జైలుకు పోయివచ్చినవాడు’ అనగా నెవరు?

ఈ మాటను లోకము విచక్షణ లేకుండ వాడును. జాతీయ నేరగణాంకముల సంస్థ ప్రకటించిన లెక్కలను బట్టి 2022 సంవత్సరాంతమున దేశమందలి జైళ్లలో 5,73,220 మంది యుండిరి. వారిలో 4,34,302 మంది, అనగా నూటికి డెబ్బదియైదుగురికి మించి, విచారణలో ఉన్నవారే. న్యాయస్థానము వారిని నేరస్థులని ఇంకను తీర్పు చెప్పలేదు. వీరిలో ఎందరో నిర్దోషులుగా బయటపడుదురు. జామీను మంజూరైనను జామీనుదారులు దొరకక లోపలనే మిగిలిపోవు పేదలును కలరు. కాని ఊరి లెక్కలో వారందరును ఒక్కటే. రెండు నెలలు విచారణఖైదీగా ఉండి నిర్దోషియై వచ్చినవానిని, పదునాలుగేండ్లు శిక్ష ననుభవించి వచ్చినవానిని ఒకే గాట కట్టుదురు.

2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను, మొదటిసారి నేరారోపణకు గురియైన విచారణఖైదీ ఆ నేరమునకు విధింపదగిన గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలము లోపల గడిపినచో బాండుపై విడువవలెనని చెప్పుచున్నది. మరణశిక్షకు గాని యావజ్జీవమునకు గాని తగిన నేరములకు ఇది వర్తింపదు. ఒకటికి మించి కేసులు నడుచుచున్నవారికిని వర్తింపదు. చట్టము బాగుగనే యున్నది. దీనివలన బయటికి వచ్చువాని కేసు మాత్రము ముగిసియుండదు. అతడు వాయిదాలకు తిరుగుచుండవలెను.

ఈ వాయిదాల సంగతి పనినిచ్చువారు బాగుగా గ్రహింపవలసినది. దినకూలివాడు పేషీకి పోయినచో ఆనాటి కూలి పోవును. నెలకు రెండుమార్లు పోయినచో మేస్త్రీ విసుగుకొని వేరొకనిని పెట్టుకొనును. పని పోవునను భయమున పేషీ మానినచో వారంటు పుట్టును, పోలీసులు వత్తురు, మరల జైలు. ఇందు అతడు చేసిన కొత్త నేరమేమియు లేదు. ఒకనాటి కూలి కొరకు ఒక బస్సు ఎక్కలేదు, అంతే. ఊరివారు మాత్రము ‘చూచితిరా, మరల లోపలికి పోయినాడు’ అందురు. పేషీ దినమున పోయివచ్చుటకు సెలవిచ్చు ఒక్క యజమాని ఉన్నచో నివారింపదగిన దుర్గతి ఇది.

పూర్వము జరిగిన ప్రయత్నములు

నమ్మి పని యిచ్చుట యను మార్గము నేటిది కాదు. 1939లో మహారాష్ట్ర ప్రాంతమందలి ఔంధ్ సంస్థానాధీశుడును, పోలండునుండి వచ్చి భారతదేశమున స్థిరపడిన మారిస్ ఫ్రీడ్‌మన్ అను ఇంజనీరును కలిసి స్వతంత్రపురమను ఖైదీల వ్యవసాయ నివేశనమును నెలకొల్పిరి. అచట గోడలు లేవు. ఖైదీలు పొలము దున్నుకొనుచు భార్యాబిడ్డలతో కాపురముండిరి. 1957లో శాంతారాం తీసిన ‘దో ఆంఖే బారహ్ హాథ్’ అను చలనచిత్రమునకు ఈ ప్రయోగమే మూలము. ఆ చిత్రమును చూచి కంటతడి పెట్టినవారిలో ఎందరు తమ దుకాణములో ఒక విడుదలైన ఖైదీకి పని యిచ్చిరో చెప్పుట కష్టము.

తెలుగునాట స్టూవర్టుపురము కథ మరింత లోతైనది. 1871 నాటి నేరస్థజాతుల చట్టము కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసినది. బిడ్డ పుట్టినంతనే అనుమానితుడు! అట్టి చట్టముల విధానము క్రింద బాపట్ల సమీపమున ఎరుకల వారిని తెచ్చి కూర్చిన నివేశనమే స్టూవర్టుపురము. స్వాతంత్ర్యానంతరము 1952లో చట్టము రద్దయినది గాని ముద్ర చెరగలేదు. ఎక్కడ దొంగతనము జరిగినను ఆ ఊరివైపు వ్రేలు చూపుట మానలేదు. 1970ల దశకమున హేమలతా లవణం, లవణం దంపతులు ఆ ఊరికి పోయిరి. ఆమె మహాకవి జాషువా కుమార్తె. ఆయన నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు. చంబలు లోయలో 1960లో వినోబాభావే ఎదుట బందిపోట్లు ఆయుధములు దించిన ఘట్టమునుండి స్ఫూర్తి పొందినవారు. సంస్కార్ అను సంస్థ ద్వారా ఏండ్ల తరబడి ఆ కుటుంబముల నడుమ తిరిగిరి.

దేవుని నమ్మని ఆ దంపతుల కృషిని వీరశైవ పత్రికలో స్మరించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని దొంగయని లోకము వెలివేసినవాని ముంగిట కూర్చుండుటయందు వారు బసవన్న త్రోవకు మిక్కిలి సమీపమున నడచిరి. బసవన్న ఆవులను దొంగలు తోలుకొనిపోగా, దూడలు తల్లులకై అరచుచున్నవి, వాటిని కూడ పంపుడనెనని శరణసంప్రదాయము చెప్పును. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున లింగము లేనివారు వంకాయలను లింగములవలె కట్టుకొని వచ్చిన కథ కలదు. బసవన్న వారిని నిజమైన లింగధారులుగనే పూజింపగా ఆ వంకాయలు లింగములయ్యెనట. మహిమను ప్రక్కన పెట్టి చూచినను ఆ కథలో ఒక లోకానుభవమున్నది: మనిషిని ఏ కంటితో చూచితిమో కొంతవరకు అతడు అదియే యగుచుండును. దొంగ, దొంగ యని పదేండ్లు పిలువబడినవాడు దొంగగా మిగులుటకు వేరు కారణము వెదకనక్కరలేదు.

చట్టము ఎంతవరకు వచ్చినది

న్యాయస్థానములు ఈ విషయమున సమాజము కంటె ముందు నడచినవి. 1977లో ఆంధ్రప్రదేశమునకు చెందిన ఒక కేసులో, ఉద్యోగము లిప్పింతునని నిరుద్యోగులను మోసగించిన ఒక యువకుని విషయమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అందు శిక్ష యొక్క లక్ష్యము మనిషిని బాగుచేయుటయే గాని విరుచుట కాదని విపులముగా వ్రాసెను. శిక్షాకాలమును తగ్గించుటతో బాటు, ఆ యువకునికి తగిన పని ఈయవలెననియు, కుటుంబముతో సంబంధము తెగకుండ పెరోలు అవకాశము కల్పింపవలెననియు నిర్దేశించెను. 1998లో మరియొక కేసునందు, కఠినశిక్ష ననుభవించువారు చేసిన పనికి న్యాయమైన వేతనము ఈయవలెననియు, అందు కొంతభాగమును బాధితులకై ప్రత్యేకింపవలెననియు అదే న్యాయస్థానము పలికినది. ఈ రెండవ అంశము మిక్కిలి ముఖ్యమైనది. దానిని గూర్చి ముందు చెప్పబడును.

అంతకుముందే, 1958 నాటి ప్రొబేషన్ చట్టము చిన్న నేరములు చేసినవారిని జైలుకు పంపక మంచి నడవడికి బాండు తీసుకొని విడుచు మార్గమును చూపినది. ఆ విధముగా విడువబడినవానికి ఆ తీర్పు వలన ఉద్యోగాది విషయములలో అనర్హత కలుగరాదని దాని 12వ సెక్షను చెప్పును. ఈ సంగతి తెలియక ఎందరో యువకులు దరఖాస్తు చేయుటయే మానుకొందురు. జైళ్ల సంస్కరణకై 1980లో నియమింపబడిన జస్టిస్ ముల్లా సంఘము 1983లో ఇచ్చిన నివేదికలో విడుదలానంతర సంరక్షణను నొక్కి చెప్పినది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమములు, ఖైదీ విడుదలతో సమాజము బాధ్యత తీరిపోదని పేర్కొన్నవి. బ్రిటనులో 1974 నుండియే ఒక చట్టమున్నది: శిక్ష ముగిసి నిర్ణీతకాలము మంచిగా గడిపినచో చాలవరకు నేరములను చెల్లిపోయినవిగా ఎంతురు, సాధారణ ఉద్యోగమునకు పోవునప్పుడు వాటిని చెప్పుకొననక్కరలేదు. మన దేశమున అట్టి సమగ్రమైన చట్టము లేదు.

తెలంగాణ జైళ్లశాఖ కొంత చేసినది. జైళ్లలో తయారగు వస్తువులను ‘మై నేషన్’ పేరుతో అమ్ముచున్నది. శాఖ నడుపు పెట్రోలు బంకులలో ఖైదీలకును, విడుదలైనవారికిని పని యిచ్చుచున్నది. విద్యాదానమను కార్యక్రమము ద్వారా వ్రేలిముద్ర వేయుచు లోపలికి పోయినవారు సంతకము చేయుచు బయటికి వచ్చిరి. 2024 జూలైలో ప్రభుత్వము సత్ప్రవర్తన గల 213 మందిని ఒకేసారి విడుదల చేసినది. వారిలో అత్యధికులు యావజ్జీవశిక్ష పడినవారు. 35 మంది స్త్రీలు. కాని పెట్రోలు బంకులు ఎన్ని తెరచినను అందరికిని చాలవు. పైగా అవి ఎక్కువగా నగరము చుట్టుప్రక్కల ఉన్నవి. తాండూరు మనిషి తాండూరుకే వచ్చును. అతని ఇల్లు, అతని తల్లి, అతని శత్రువులు, అతని నోటుబాకీలు అన్నియు ఇచటనే యున్నవి.

ఒక వింత చెప్పవలెను. సంగారెడ్డిలో 1796లో కట్టిన పాతజైలును మ్యూజియముగా మార్చి, అయిదువందల రూపాయలు చెల్లించినవారు ఒక దినము ఖైదీవలె గడుపు ఏర్పాటును 2016లో ఆరంభించిరి. ఖద్దరు బట్టలు, జైలు భోజనము, తాళము వేసిన గది. సొమ్ము కట్టి పోయివచ్చినవాడు నలుగురికి ముచ్చటగా చెప్పుకొనెను. అదే సంగారెడ్డిలో కొత్త జైలునుండి వచ్చినవాడు ఆ ఊరి పేరు ఎత్తుటకే భయపడును.

స్త్రీలు, బిడ్డలు

జైలునుండి వచ్చిన పురుషునికి ఇంటి వాకిలి ఎప్పటికైన తెరచుకొనును. స్త్రీకి తరచు తెరచుకొనదు. అత్తింటివారు వలదందురు, పుట్టింటివారు చెల్లెండ్ర పెండ్లిండ్లు చెడునని వెనుకాడుదురు. బిడ్డలు ఎవరివద్దనో పెరుగుచుందురు. ఆరేండ్ల లోపు బిడ్డను తల్లితో జైలులో ఉంచవచ్చునని, ఆ బిడ్డకు ఆహారము, వైద్యము, చదువు ఏర్పరుపవలెనని 2006లో ఆంధ్రప్రదేశము ప్రతివాదిగా నున్న ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆరేండ్లు నిండినంతనే తల్లీబిడ్డలు వేరగుదురు. తల్లి విడుదలై వచ్చునప్పటికి బిడ్డ ఆమెను ‘అమ్మా’ యని పిలుచునా లేదా యనునది ఆ నడుమ కాలమున బిడ్డకు తల్లిని గూర్చి ఏమి చెప్పబడినదో దానిని బట్టి యుండును. అక్కమహాదేవి పేరిట, కాళవ్వ పేరిట సభలు జరుపుకొను మహిళాసంఘములు ఈ ఒక్క పనిని చేపట్టినను చాలును: జైలులో నున్న తల్లి వద్దకు బిడ్డను ములాఖత్తుకు తీసుకొనిపోవుట. దూరబంధువులకు తీరిక ఉండదు. దారి ఖర్చు ఉండదు. పొదుపుసంఘములలో తిరిగివచ్చిన స్త్రీని సభ్యురాలిగా చేర్చుకొనుట రెండవ పని.

మఠములును కుటుంబములును చేయదగినది

ఇచట ఒక దోషమును ముందుగనే హెచ్చరింపవలెను. విడుదలైనవానికి పని యిచ్చుచున్నామను పేరిట మఠము తోటలోనో, దాసోహపు వంటశాలలోనో కూలి లేకుండ పనిచేయించుకొని దానిని సేవ యనుట తగదు. తెలంగాణమున వెట్టి అను మాటకు ఎంత బరువున్నదో ముసలివారెరుగుదురు. వెట్టిచాకిరిని 1976 నాటి చట్టము నిషేధించినది. కూలి లేని పని కాయకము కాజాలదు. పెద్ది తెచ్చిన కట్టెలు శిష్యుడు గురువునకు తనంత తానుగా అర్పించినవి. దిక్కులేనివాని దీనతను ఆసరాగా తీసుకొని తెప్పించుకొన్నవి కావు. ఆ రెంటికిని నడుమనున్న గీతను చెరపరాదు. అందరికి ఇచ్చు కూలియే ఇతనికిని ఈయవలెను, తక్కువ వలదు.

రెండవది, బాధితుల సంగతి. నేరమునకు గురియైన కుటుంబము ఆ ఊరిలోనే ఉండవచ్చును. చంపబడినవాని తల్లి, చంపినవాడు మఠము వాకిట నిలబడియుండుటను చూచి ఏమనుకొనును? ఆమెను క్షమింపుమని ఒత్తిడి చేయు హక్కు మఠమునకు గాని ఎవరికిని గాని లేదు. ఆమె బాధ తీరినదా యని విచారింపక, అపరాధిని అక్కున చేర్చుకొని కరుణ చూపితిమనుకొనుట అర్ధకరుణ. ఆ కుటుంబము వద్దకు ముందుగా పోవలెను. వారికి కష్టమగునన్నచో ఆ మనిషికి తాండూరున గాక వికారాబాదున, వికారాబాదున గాక పరిగియందు పని చూపుట మేలు. సంపాదనలో కొంతభాగము ఆ కుటుంబమునకు చేరవలెనను 1998 నాటి తీర్పు తాత్పర్యము విడుదలానంతరమును వదలదగినది కాదు. ఇచ్చువాడు తన చేతులతో ఈయనక్కరలేదు; వారు తీసుకొనమన్నచో అంతటితో విడువవలెను.

మూడవది, నమ్మకము మెట్లు మెట్లుగా పెరుగవలెను. సందేహించువారు అడుగుదురు: ‘మరల దొంగతనము చేసినచో?’ చేయవచ్చును. మద్యపానమునో, జూదమునో మరలవచ్చును. అందుచేతనే మొదటి నెలలోనే హుండీ తాళములు చేతికిచ్చుట ఔదార్యము కాదు, అవివేకము. అతనికిని అది పరీక్షయే యగును. ముందు కూలిపని, ఆరు నెలలు నిలకడ చూచి సామాను లెక్క, ఆపైన డబ్బు లెక్క. ఒకసారి తప్పటడుగు వేసినంతనే మొదటి మెట్టుకు దింపవలెను గాని మెట్లన్నిటినుండి తోసివేయరాదు. ఇట్టి క్రమము అతనికి ముందే చెప్పియుండవలెను. ఎన్నడు ఏది చేతికి వచ్చునో తెలిసినవానికి ఓర్పు కలుగును. ఎల్లకాలము అనుమానమే మిగులునని తోచినవానికి కలుగదు.

నాలుగవది, కాగితములు. ఏండ్ల తరబడి లోపల నున్నవాని రేషనుకార్డునుండి పేరు తొలగియుండును. ఆధారులోని ఫోను నంబరు పనిచేయదు. బ్యాంకుఖాతా నిద్రాణమై యుండును. ఇవి లేనిదే నేటి దినములలో కూలి సైతము చేతికి రాదు. చదువుకొన్న యువకుడొకడు వారము దినములు వెంట తిరిగినచో తీరు పని ఇది. పత్రములు సరిచేయించుటలో గాని, మిగిలిన కేసుల విషయమున గాని జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయింపవచ్చును. 1987 నాటి చట్టమును బట్టి నిర్బంధములో నున్నవారు, స్త్రీలు, పేదలు ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. తాము అర్హులమని తెలియనివారే ఎక్కువ.

ఇక బండల యూనిట్లు, దాల్‌మిల్లులు గల లింగాయత వర్తకుల మాట. తాండూరులో వారి సంఖ్య తక్కువ కాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క మనిషిని తీసుకొన్నను చాలును. సంఘము నిలబడి పూచీ వ్రాసి యిచ్చినచో వారికి ధైర్యముండును. పూచీ యనగా నష్టమునకు సొమ్ము కట్టుటయే కాదు. వారమునకొకసారి పోయి ఆ మనిషితో మాట్లాడుట, యజమాని ఫిర్యాదు వినుట, తోటి కూలీలు పాతపేరుతో ఎగతాళి చేయుచున్నచో మందలించుట. ఈ పనికి వయసు మళ్లిన ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు తగినవారు. తోటివారి ఎగతాళి చిన్న విషయమని తోచును గాని, పని విడిచిపోవుటకు కూలి తక్కువ యగుట కంటె అదియే ముఖ్యకారణమగుట కద్దు. బండ కోయు యంత్రము వద్ద ఇనుపపనిముట్టు ఒకటి కనబడనంతనే పదిమందియు ఒకనివైపే చూచినచో, అతడు సాయంత్రము కూలి తీసుకొని మరునాడు రాడు.

విడుదలకు ముందే ఆరంభించుట మేలు. శిక్ష ముగియు నెల ముందుగా జైలు అధికారులకు జాబు వ్రాసి, ఫలానా మనిషికి ఫలానా చోట పని సిద్ధముగా నున్నదని తెలిపినచో, ఆ నెల రోజులు అతడు నిద్రపోగలడు. విడుదలనాడు ఒకరు పోయి వెంట తీసుకొనిరావలెను. గేటు బయట ఎవరును లేనిచో మొదట ఎదురుపడునది కల్లుదుకాణమో పాతమిత్రుడో యగును. వచ్చిన మొదటివారముననే బ్యాంకులో ఖాతా తెరపించి, కూలి నేరుగా అందు పడునట్లు ఏర్పాటు చేయవలెను. జైలులో చేసిన పనికి చేరిన సొమ్మును అందే వేయింపవలెను. పూచీ నిలిచిన సంఘమువారు నెలకొకసారి లెక్క అడుగవచ్చును. పాసుపుస్తకము మాత్రము మఠము పెట్టెలో గాక అతని చేతనే యుండవలెను.